చావు కల్లు ధర

మా అన్నను పాతిపెట్టిన బొంద దగ్గర మూడో నాడు పోసిన కల్లు సంగతి రాయాలంటే ముందు ధర సంగతి రాయాలి. అది లేకుండా రాస్తే మా ఊరివాళ్ళు ఉన్నదానికంటే చెడ్డవాళ్ళుగా కనిపిస్తారు. అది రాస్తే మంచివాళ్ళయిపోతారని కాదు.

మా ఊరు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బాటకు కొంచెం లోపలగా ఉంటుంది. లెక్కకు ఎల్లారెడ్డి తాలూకా. ఊరికి తూర్పున వాగు దాటితే కామారెడ్డి తాలూకా. మాది గౌండ్ల ఇల్లు. చెట్లు ఎక్కి గీసేది మావాళ్ళే అయినా, కల్లు అమ్మే హక్కు గుత్తేదారుది. అతను ఏటా హర్రాజులో పాడుకుని సర్కారుకు కట్టేవాడు. మేము గీసిన కల్లు అతని దుకాణంలో పోయాలి. అందులో మా వంతు మాకు వచ్చేది. ఏ చెట్లు ఎవరు గీయాలన్నది కూడా అతని మాట మీదే నడిచేది.

యుద్ధం వచ్చి కిరసనాయిలు దొరకని రోజుల్లో వాగుకు ఇవతలి గుత్తేదారుకూ అవతలి గుత్తేదారుకూ పంతం పడింది. అవతలివాడు సీసా ధర కాస్త దించితే ఇవతలివాడు ఇంకాస్త దించేవాడు. కూలివాళ్ళు పొద్దు వంగగానే ఎటువైపు చవకంటే అటు వాగు దాటేవాళ్ళు. తిరిగి దాటలేని వాళ్ళు ఇసుకలోనే పడి ఉండేవాళ్ళు. పెండ్లాలు వచ్చి కాళ్ళు పట్టి గట్టు మీదికి ఈడ్చుకునేవాళ్ళు. జనం దీన్ని వేడుకగానే చూశారు.

గుత్తేదారులు ఇద్దరూ నష్టపడ్డాక కచేరీకి పోయారు. కొన్నాళ్ళకు హుకుం వచ్చింది. రెండు తాలూకాల్లో ఎక్కడా సీసా కల్లు అణాకు తక్కువ అమ్మరాదు. తక్కువకు అమ్మినా, ఊరికే పోసినా ఒకటే నేరం. పోసిన వాడి చెట్లు పోతాయి. కల్లు చవకైతే పేద జనం తాగి చెడిపోతున్నారు గనుక వాళ్ళ మేలు కోసం ఈ ఏర్పాటు అని కారణం కూడా రాశారు. నేను అప్పుడు కామారెడ్డిలో బడిపంతులుగా ఉన్నాను. ఆ కాగితం అక్కడే ఉర్దూలో చదివాను. చక్కటి ఉర్దూ.

ఊళ్ళో డప్పు చాటింపు అయిన రోజు నేను ఇంటికి వచ్చి ఉన్నాను. ఆ సాయంత్రం దుకాణం ముందు జరిగిన ముచ్చట నాకు గుర్తుంది.

"మన మేలుకేనట రా, ధర పెంచింది," అన్నాడొక పాలేరు.

"గట్లనా! మరి జొన్నలు పిరమైనప్పుడు గూడ మన మేలుకేనా?"

"గది గూడ మేలుకే. తక్కువ తింటె కడుపు నొయ్యది."

"అయితె నా పెండ్లాం మేలు నేను రోజు జేస్తున్న."

అందరూ నవ్వారు. తాగడం మాత్రం ఎవరూ తగ్గించలేదు. ఇంటికి పోయే గింజలు తగ్గాయి. హుకుం రాసినవాళ్ళకు అది కనిపించే వీలు లేదు.

ఇక ఆచారం. కల్లు తాగే ఇండ్లలో మనిషి పోతే మూడో నాడు బొంద దగ్గరికి అన్నం, కూర, కల్లు తీసుకుపోతారు. ముందు పోయిన మనిషికి ఒక తాటాకు డొప్పెడు పోసి, మిగిలింది వచ్చిన వాళ్ళంతా తాగుతారు. ఆ కల్లు కొనకూడదు. చావింటివాళ్ళ సొంత కల్లు కూడా పనికిరాదు. ఊళ్ళోవాళ్ళ చేతి నుంచి ఊరికే రావాలి. కొన్నదీ, సొంతదీ మట్టిలో ఇంకిపోతుందనీ, ఇచ్చింది మాత్రమే పోయినవాడికి అందుతుందనీ మావాళ్ళ నమ్మకం. అందుకే ఏ కులం ఇంట్లో చావైనా మా గౌండ్లవాళ్ళలో ఎవరో ఒకరు అడగకుండానే ఒక లొట్టి దించి ఇచ్చేవాళ్ళు. కల్లు దించే మట్టికుండను లొట్టి అంటాం. ఆ నమ్మకం నాకు లేదు. అప్పుడూ లేదు. ఈ కథలో నా నమ్మకానికి పని లేదు గనుక దాన్ని ఇంతటితో వదిలేస్తాను.

మా అన్న మా కులానికి పెద్దమనిషి. హుకుం వచ్చిన కొత్తలో నాగిరెడ్డిపేట వైపు ఒక ఊళ్ళో ఒకతను పెండ్లివాళ్ళకు ఊరికే కల్లు పోశాడని గుత్తేదారు అతని చెట్లన్నీ లాక్కున్నాడు. ఆ కబురు విని అన్న గౌండ్లవాళ్ళందరినీ ఎల్లమ్మ గుడి ముందు కూర్చోబెట్టి ప్రమాణం చేయించాడు. పెండ్లికి గాని చావుకు గాని ఎవరూ ఊరికే పోయకూడదు. ఒకడు పోస్తే అందరి చెట్లకూ ముప్పు అన్నాడు. అందులో అబద్ధం లేదు.

ఆ ఎండాకాలమే కుమ్మరి తాత పోయాడు. మా ఊరి తాడిచెట్ల మీద వేలాడే లొట్లన్నీ ఆయన చేతివే. నేను సెలవులకు ఇంటి దగ్గరే ఉన్నాను. మూడో నాటికి ముందు రోజు కుమ్మరి అవ్వ మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. అట్లా వచ్చి అడగవలసిన అవసరం అంతకుముందు ఎవరికీ పడలేదు. ఆమెకు ఎట్లా అడగాలో కూడా తెలియలేదు.

"బిడ్డా, రేపు ఆయనకు మూడొద్దులు," అంది.

అన్న తల వంచుకుని కత్తి నూరుతున్నాడు. "ఎరికె అవ్వా."

"ఆయన జేసిన లొట్లే గద నీ చెట్ల మీద ఏలాడుతున్నయ్. గా లొట్లకెల్లే ఇంత వొంపియ్యి."

"నీ కాళ్ళు మొక్కుత అవ్వా. నా ఒక్కని చెట్లు గావు, అందరియి పోతయ్. దుకాణంల కొనుక్కో."

"కొన్నది అందది గద."

"అందుతదో అందదో మనమేమన్న జూసినమా?"

అవ్వ పోవడానికి తిరిగి, "జూడలే. నువ్వు నాకంటె ముందుగాల పోతె జూసి చెప్పు," అని వెళ్ళిపోయింది.

వదిన లోపలి నుంచి అంతా విన్నది. "ముసల్దాని నోట్లెకెల్లి ఎసుంటి మాట తెప్పిచ్చినవు," అంది అన్నతో. అన్న కత్తి అంచును గోటి మీద చూసుకుంటూ, "చెట్లు బోతె నువ్వు ఏం తింటవు?" అన్నాడు. మరునాడు కుమ్మరి అవ్వ అణా పెట్టి కల్లు కొని మొగుడి బొంద మీద పోసింది. మా గౌండ్లవాళ్ళు పోయి ఆ కల్లు తాగి వచ్చారు. మా అన్న కూడా పోయాడు. పోకపోతే బాగుండదని పోయాడు.

చలి మొదలయ్యేనాటికి అన్నకు జ్వరం వచ్చింది. నేను కామారెడ్డి నుంచి డాక్టరును తీసుకువచ్చే లోపలే పోయాడు. నన్ను పెంచింది ఆయన. మా బాపు నా చిన్నప్పుడే పోతే, తాను చెట్లెక్కి నన్ను బడికి పంపాడు. నేను ఎన్నడూ చెట్టెక్కే మోకు కట్టలేదు. నన్ను కట్టనివ్వలేదు. అన్నా వదినలకు పిల్లలు లేరు. మేము ముగ్గురమే ఒక ఇల్లు.

పాతిపెట్టి వచ్చిన సాయంత్రం గౌండ్లవాళ్ళు మా అరుగు మీద కూర్చున్నారు. అందరూ మంచిగానే మాట్లాడారు. అన్న ఎత్తు చెట్టు మీదినుంచి ఎవరి ఇంట్లో ఏం వండుతున్నారో చెప్పేవాడని ఒకరు, నవ్వితే పక్క చెట్టు మీద పిట్టలు లేచేవని ఒకరు. వదిన గడపలో కూర్చుని వింటూ ఉంది. ముచ్చట అయిపోయింది. లేవబోతుండగా ఆమే అడిగింది.

"ఎల్లుండి కల్లు ఎవలు తెస్తరు?"

లేవబోయినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. అన్నతో కలిసి చెట్లు గీసిన జోడీదారు జవాబు అందుకున్నాడు. అన్నకంటే చిన్నవాడు, మా ఇంట్లో ఎన్నో పూటలు తిన్నవాడు.

"వదినా, నీకు తెల్వనిదా. అన్ననే గద అందరితోని ఒట్టు బెట్టిచ్చిండు. ఆయన మాట ఆయనకే తప్పుదుమా?"

"ఆయన మాట మీద మీకు శాన గౌరవం," అంది వదిన.

"గట్లనకు వదినా. రేపు మా చెట్లు బోతె ఆయన ఆత్మ ఒప్పుతదా?"

నేను అప్పుడు కల్పించుకున్నాను. హుకుం మొత్తం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. గీసినవాడు గాని, అమ్మేవాడు గాని ఊరికే ఇవ్వకూడదని అందులో ఉంది. ధర పెట్టి కొన్నవాడు తాను కొన్న కల్లును ఎవరికి ఇచ్చినా నేరం కాదు. దుకాణంలో ఎవరైనా అణా పెట్టి ఒక సీసా కొని తెచ్చి ఇస్తే చాలు. చావింటివాళ్ళం మేము కొనకూడదు గాని వాళ్ళు కొనవచ్చు. చట్టమూ తప్పదు, ఆచారమూ తప్పదు. ఇది నేను నెమ్మదిగా, అర్థమయ్యేటట్టు చెప్పాను.

అర్థమయింది. అర్థమైనందుకే ఎవరూ నా మొహం చూడలేదు. అప్పటిదాకా వాళ్ళను ఆపింది హుకుం. ఇప్పుడు హుకుం అడ్డం లేదు.

"గౌండ్లోడు కల్లు కొంటడా తమ్మీ?" అన్నాడు ఒక ముసలాయన. "గౌండ్లోడు దుకాణం ముంగట పైసలు పట్టుకోని నిలవడితె ఊరు నవ్వదా? మంగలాయన పైసలిచ్చి గడ్డం గీయించుకున్నట్టు."

ఆ మాటకు ఒకరిద్దరు నిజంగానే నవ్వారు. నవ్వి, చావింట్లో ఉన్నామని గుర్తొచ్చి ఆపుకున్నారు.

"అన్న బతికుంటె ఆయననే వొద్దనేటోడు," అని జోడీదారు లేచాడు. వాళ్ళంతా వెళ్ళాక వదిన నాతో, "ఒక్క అణా," అంది.

మరునాడు నేను మిగతా కులాల ఇండ్లకు పోయాను. అడగకూడని సంగతి అది. అయినా అడిగాను. రెడ్డిగారింట్లో, "పంతులూ, చదువుకున్నోనివి, నువ్వు గూడ గివన్ని నమ్ముతవా?" అన్నారు. నమ్మకపోవడం అంత సులువుగా పనికి వస్తుందని అంతకుముందు నాకు తెలియదు. కొందరు చూద్దామన్నారు. కొందరు కుమ్మరి తాత సంగతి ఎత్తారు. "ఆయనకు ఎవలిచ్చిండ్రు? మీ అన్ననే గద వొద్దన్నది." కుమ్మరి అవ్వ ఇంటికి నేను పోలేదు. అడిగే మొహం లేదు.

మూడో నాడు పొద్దున వదిన స్నానం చేసి, పాత చీర కట్టుకుని, ముంత తీసుకుని బయలుదేరింది. నేను పోతానంటే ఆపింది.

"నువ్వు కొన్నా నేను కొన్నా ఒక్కటే. అందది. నేనే బోత. ఆయనకు అందకపాయె గాని, ఏం బొయ్యలేదని అనిపిచ్చుకోవద్దు."

నేను వెనకాలే పోయాను. మైలలో ఉన్న మనిషి ఎదురొస్తే మంచిది కాదని బాటలో జనం పక్కకు తప్పుకున్నారు. ఒకామె కడవ దించి మొహం తిప్పుకుంది. దుకాణం ముందు తాగుతున్న వాళ్ళు లేచి దూరం జరిగారు. గద్దె మీద గుత్తేదారు గుమాస్తా ఉన్నాడు.

"ఆడ్నే ఉండు, ఆడ్నే ఉండు. పైసలు కింద బెట్టు," అన్నాడు.

వదిన డబ్బులు నేల మీద పెట్టింది. అతను నౌకరు చేత వాటి మీద నీళ్ళు చల్లించి తీయించాడు. ముంతలో కల్లు పోయిస్తూ, "తీస్కపో. మీ ఇంటాయన చెట్లదే. ఆయన జోడీదారు నిన్న దించి తెచ్చిండు. మంచిగుంది," అన్నాడు. ఎగతాళికి అనలేదు. సరుకు మంచిదని చెప్పాడు, అంతే.

వదిన ముంతలోకి చూసింది. "ఆయన గీసిన గెలలేనా?" అని అడిగింది.

"ఆయనియ్యే. నాకు అణాకు తక్కువ చేసే హక్కు లేదు గని, లేకుంటె చేసేటోణ్ణి."

బొంద దగ్గరికి గౌండ్లవాళ్ళు మా కంటే ముందే వచ్చి ఉన్నారు. ఎవరి తాటాకు డొప్ప వాళ్ళు తెచ్చుకున్నారు. కొంచెం దూరంలో, కంప పక్కన, కుమ్మరి అవ్వ ఒక్కతే మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ పిలవలేదు. రావద్దని కూడా ఎవరూ అనలేదు. ఆమె ఎందుకు వచ్చిందో తమకు తెలుసని అందరూ అనుకున్నారు.

వదిన అన్నం పెట్టింది, కూర పెట్టింది. ముంత చేతిలోకి తీసుకుని తల వైపు వంగి, అట్లాగే ఉండిపోయింది. పోస్తే మట్టిలో ఇంకుతుంది. పోయకపోతే అదీ లేదు.

"పొయ్యి వదినా, ఎండెక్కుతుంది," అన్నాడు జోడీదారు. అప్పటికే ఇద్దరు ముగ్గురు డొప్పలు విప్పి సాపు చేసుకుంటున్నారు.

వదిన వెనక్కి తిరిగి ఆ డొప్పలను చూసింది. ముంత కింద పెట్టి దాని పక్కన కూర్చుంది.

"ముందుగాల మీరు తీసుకోండ్రి. సీసా అణా. డొప్పకు గంతల గంత లెక్క జూసుకోండ్రి," అంది.

ఆమెకు మతి తప్పిందనుకున్నాను.

"ఏందమ్మా, బొంద కాడ బేరమా?" అన్నాడు ముసలాయన.

"ఊరికె పోస్తె నేరం గద బాపు. మీ చెట్లకు ముప్పు గద."

"నువ్వేమన్న గీసేదానివా? అమ్మేదానివా?"

"అయితె కొనేదాన్నే గద. అణా బెట్టి కొన్న. నేను గౌండ్లదాన్ని. నేను దుకాణం ముంగట నిలవడ్డ. ఊరు నవ్వింది. ఇగ మీరు నవ్వుండ్రి, తాగుండ్రి, పైసలియ్యుండ్రి."

"గిది మర్యాద గాదు," అన్నాడు జోడీదారు.

"నువ్వు దించిన కల్లే తమ్మీ. ఆయన గీసిన చెట్టుమీదికెల్లి ఆయన సచ్చిన మరునాడు దించినవు. నీకు సగం ధరకు పోద్దునా? హుకుం ఒప్పది."

ఎవరో డొప్ప పారేసి లేచారు. తక్కినవాళ్ళూ లేచారు. ఆడది, దుఃఖంలో ఉంది, పోనీయండి అనుకుంటూ దులుపుకున్నారు. అప్పుడు కుమ్మరి అవ్వ కంప పక్కనుంచి లేచి వచ్చింది. కొంగు ముడి విప్పి, అణా బిళ్ళ తీసి, వదిన ముందు పెట్టింది.

"నాకు పొయ్యి," అంది.

పోబోతున్నవాళ్ళు ఆగారు. వదిన ఆమె మొహం చూసింది. ముంత ఎత్తి, కింద పడి ఉన్న డొప్ప ఒకటి తీసి తుడిచి, నిండా పోసి ఇచ్చింది. అవ్వ తాగుతుందనుకున్నాం. తాగలేదు. రెండు చేతులతో పట్టుకుని బొంద తల వైపు పోయి నిలబడింది.

"నేను కొన్న. ఇప్పుడు నేనిస్తున్న. గిది నీకు అందుతది," అంది మట్టితో. "నా ముసలోనికి నువ్వు అందనియ్యలే. తాగు. తాగి, పోయి గాయన ముంగట నిలవడు. మూతి తుడుసుకోకు. కల్లు వాసన రావాలె."

డొప్ప వంచి అంతా పోసింది. చివరి చుక్క దాకా పోసి డొప్ప అక్కడే బోర్లించింది. ఆమె గొంతులో కోపం ఎక్కువ లేదు. ఎన్నాళ్ళుగానో అనుకున్న పని చేసినట్టు చేసింది. వదిన వంగి ఆమె కాళ్ళు పట్టుకోబోతే అవ్వ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"నీకోసం గాదు," అని ఇంటి దారి పట్టింది.

వదిన ఆ అణా బిళ్ళ కొంగున కట్టుకుంది. మిగిలిన కల్లు ఎవరూ తాగలేదు. ఆ రోజు ఇంటికి వచ్చి, మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆమె అన్నం తిన్నది. "అందింది మరిదీ," అని మాత్రం అంది.

వారం తిరగకముందే ఎల్లారెడ్డి కచేరీ నుంచి పిలుపు వచ్చింది. అనుమతి లేకుండా కల్లు అమ్మిందని గుత్తేదారు ఫిర్యాదు. చూసిన సాక్షి అన్న జోడీదారు. అన్న గీసిన చెట్లు అప్పటికి ఇంకా మా ఇంటి కిందే ఉన్నాయి. గౌండ్లవాళ్ళలో ఎవరినైనా పెట్టి గీయించుకుంటే వదినకు వంతు వచ్చేది. బతకడానికి ఆమెకున్నది అదే. ఫిర్యాదు నిలిస్తే ఆ చెట్లు పోతాయి.

నేను దారి పొడుగునా చెప్పాను. అమ్మలేదని అంటే చాలు. ముసలామె బొంద దగ్గర అణా పెట్టింది, దుఃఖంలో ఉండి తాను తీసుకుంది, అది బేరం కాదు. అక్కడ ఏ కాగితమూ లేదు. బేరం మాటలు జోడీదారు విన్నా, దుఃఖంలో అన్నవే అనవచ్చు. వదిన వింటూ నడిచింది. కుమ్మరి అవ్వ కూడా మా వెనక కొంత దూరంలో నడిచి వచ్చింది. ఆమెకు పిలుపు లేదు.

తహశీల్దారు పెద్దమనిషిలాగే ఉన్నాడు. తెలుగు రాదు. నాకు ఉర్దూ వచ్చని తెలిసి, ఆమె చెప్పింది నన్నే చెప్పమన్నాడు. కచేరీ గుమాస్తా ఫిర్యాదు చదివాడు. జోడీదారు నేలను చూస్తూ తాను చూసింది చెప్పాడు. తహశీల్దారు వదినను చూసి, కాగితం పక్కన పెట్టి, నాతో మెల్లగా అన్నాడు. మొగుడు పోయిన ఆడమనిషి, బొంద దగ్గర ఎవరో కానుకగా పైసలు పెట్టి ఉంటారు, మీ జనంలో అట్లాంటి అలవాటు ఉంటుంది కదా, ఈమె అమ్మలేదు కదా అని. తానే దారి చూపించాడు. నేను దాన్ని వదినకు తెలుగులో చెప్పాను. కాస్త గట్టిగా, ఔననవలసిన చోట ఆగి చెప్పాను.

"కానుక గాదు," అంది వదిన. "అమ్మిన."

నేను తహశీల్దారు వైపు తిరగలేదు. "వదినా, చెట్లు పోతయ్," అన్నాను.

"నేను అమ్మకపోతె అవ్వ కొనలేదు. అవ్వ కొనకపోతె గా కల్లు నాదే. నాదైతె ఆయనకు అందలేదు." ఆమె ఇంకా మెల్లగా, "కాయిదాల మీద గూడ నేను అమ్మిన అనే ఉండాలె. ఉన్నదున్నట్టు చెప్పు మరిదీ. నీ తెలివి పెట్టకు," అంది.

ఏమంటున్నదని తహశీల్దారు అడిగాడు. ఆ గదిలో ఉర్దూ, తెలుగు రెండూ బాగా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను ఏం చెప్తే అదే ఆమె మాట అవుతుంది. వదిన నా నోటి వైపే చూస్తూ ఉంది. ఆమె నన్ను తన చేతి అన్నంతో పెంచింది. నేను అబద్ధమాడితే భాష రాకపోయినా ఆమెకు తెలుస్తుంది.

అమ్మానని చెబుతున్నది, అన్నాను. అణాకు తక్కువ అమ్మలేదని కూడా చెబుతున్నది.

రెండో మాట ఆమె అనలేదు. అది నిజమే గనుక కలిపాను. తహశీల్దారు నవ్వాడు. గుమాస్తా కూడా నవ్వాడు. అయితే ధర విషయంలో ఈమె తప్పు ఏమీ లేదు అని రాయించి, అనుమతి లేని విషయంలో తప్పు ఉంది అని రాయించాడు. చెట్లు గుత్తేదారు ఇష్టమన్నాడు. గుత్తేదారు వాటిని అన్న జోడీదారుకు ఇచ్చాడు. ఆ సంగతి అక్కడికక్కడే చెప్పారు. జోడీదారు అప్పుడు కూడా నేలనే చూస్తున్నాడు. వదిన కాగితం మీద వేలిముద్ర పెట్టింది.

బయట గోడ నీడన కుమ్మరి అవ్వ కూర్చుని ఉంది.

"ఏమన్నవు?" అని అడిగింది.

"అమ్మిన అన్న," అంది వదిన.

"చెట్లు?"

"పోయినయ్."

అవ్వ గోడ పట్టుకుని లేచింది. "అయితె అందింది తియ్యి," అంది. తర్వాత కొంచెం ఆలోచించినట్టు ఆగి, "మావోనికి అందలే," అంది. మా కోసం చూడకుండా ఊరి బాట పట్టింది. ఆ రోజు బస్సు లేదు. మేమూ నడిచాం. ఊరు వచ్చేదాకా ఆమె మా ముందు దూరంగా కనిపిస్తూనే ఉంది.